ఆ ఫ్రిజ్ ఎవరిది?

నమస్కారం. ఈసారి మీ వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లినప్పుడు, గుమ్మం పక్కన నిలబెట్టిన అద్దాల తలుపు ఫ్రిజ్‌ను ఒక్క నిమిషం పరిశీలించండి. దాని నెత్తిన ఉండేది కొట్టు పేరు కాదు, కూల్‌డ్రింక్ కంపెనీ పేరు. చాలాచోట్ల ఆ ఫ్రిజ్‌ను కంపెనీయే ఇస్తుంది. తమ సరుకు తప్ప మరొకరిది అందులో పెట్టరాదన్నది షరతు. కరెంటు బిల్లు మాత్రం కొట్టు యజమానే కట్టుకోవాలి. మా వీధిలో కొట్టాయన మజ్జిగ ప్యాకెట్లను అడుగు అరలో, రంగు సీసాల వెనకాల దాచి ఉంచుతాడు. కంపెనీ మనిషి వచ్చే రోజున అవి కూడా ఉండవు.

1991 ఆర్థిక సంస్కరణల తరువాత మన బజారులో దొరికే వస్తువుల సంఖ్య పెరిగిన మాట నిజమే. అయితే అన్నిటినీ కోరుకున్నది మనమేనా అన్నది నా అనుమానం. తెలుగువాళ్లు ఇంటి మనిషిలా చూసుకునే థమ్స్ అప్‌నే తీసుకోండి. విదేశీ వాటాను తగ్గించుకోవాలన్న ప్రభుత్వ షరతుకు ఒప్పుకోక 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లిపోగా, ఆ ఖాళీలో పార్లే సంస్థ తెచ్చిన పానీయం అది. 1993లో తిరిగి వచ్చిన కోకాకోలా, దానితో పోటీ పడి గెలవడానికి బదులు, లిమ్కా, గోల్డ్ స్పాట్‌లతో సహా దాన్ని కొనేసింది. గోల్డ్ స్పాట్ తరువాత బజారులోంచే మాయమైంది. అదే ఫ్రిజ్‌లో పక్కపక్కనే నిలబడి పోటీదారుల్లా కనిపించే కోక్, థమ్స్ అప్, స్ప్రైట్ సీసాల సొమ్మంతా చేరేది ఒకే గల్లాపెట్టెకు.

విదేశీ వస్తువు కనుక చెడ్డదని నేను అనడం లేదు. మనం పల్లెటూరి జ్ఞాపకంగా తలచుకునే గోలీ సోడా సీసా కూడా 1870లలో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రూపొందించినదే. కానీ ఆ సీసా వచ్చాక ఊరూరా ఎవరి సోడా మిషను వారు పెట్టుకున్నారు. గోలీని బొటనవేలితో లోపలికి నొక్కగానే కీచుమని లేచే ఆ గ్యాసు, ఆ నీళ్లు, ఆ లాభం అన్నీ స్థానికుడివే. తాగిన సీసా తిరిగి అతని పెట్టెలోకే చేరేది. రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ కూల్‌డ్రింక్ గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. ఆ జిల్లాలు దాటి వెతకండి, దానికి చోటిచ్చే ఫ్రిజ్‌లు ఎన్నున్నాయో తెలుస్తుంది.

మొన్న ఎండవేళ మా కొట్టాయనను మజ్జిగ అడిగాను. ముందు వీధి అటూ ఇటూ చూసి, ఆ తరువాతే తలుపు తీశాడు.