గంజాయి కేసు ఖైదీకి రెమిషన్ ఎందుకు లేదు?

శ్రోతలకు నమస్కారం.

ఆగస్టు 15కో, జనవరి 26కో సత్ప్రవర్తన గల ఖైదీలను విడుదల చేశారన్న వార్త వింటుంటాం. వాళ్లలో హత్యానేరానికి యావజ్జీవం పడి, 14 ఏళ్లు లోపల గడిపినవాళ్లూ ఉంటారు. గంజాయి మూట మోస్తూ పట్టుబడినవాడు మాత్రం ఉండడు. అధికారులు మరచిపోయి కాదు, చట్టమే ఒప్పుకోదు.

జైల్లో క్రమశిక్షణగా ఉండి, అప్పజెప్పిన పని చేసే ఖైదీకి నెలకు కొన్ని రోజుల చొప్పున శిక్ష తగ్గుతుంది. దాన్నే రెమిషన్ అంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 1989లో 32ఎ అనే సెక్షన్ చేర్చి, ఆ తగ్గింపునకు తలుపు మూసేశారు. మత్తుమందు వాడిన నేరానికి ఒక్కదానికే మినహాయింపు. 2000లో దాదు కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌లో కొంత కొట్టేసింది. అప్పీలు వింటున్న కోర్టు శిక్షను నిలిపివేయవచ్చంది, పెరోల్‌కూ అడ్డు లేదంది. రెమిషన్ మీద నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది.

దీని బరువు ఎవరి మీద పడుతోందో చూడండి. గంజాయి 20 కిలోలు దాటిందంటే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు. పైగా లక్షకు తగ్గని జరిమానా. విచారణ ఖైదీగా గడిపిన కాలం శిక్షలో కలుస్తుంది గానీ, ఆ తర్వాత ఎంత బుద్ధిగా ఉన్నా ఒక్కరోజు తగ్గదు. విశాఖ మన్యంలో 2021లో పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. మంచి పనే. కానీ ఆ పంటకు పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో పట్నంలో ఉంటాడు. చెక్‌పోస్టు దగ్గర దొరికేది కూలి డబ్బులకు మూట ఎత్తుకున్న కుర్రాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని నా గట్టి నమ్మకం.

మత్తుకు బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఈ మాటకు మండిపడతారు. వాళ్ల బాధ నిజం. డబ్బున్న వ్యాపారి తొందరగా బయటికొస్తే మళ్లీ అదే దందా మొదలెడతాడన్న భయమూ నిజమే. అందుకే నిషేధం పూర్తిగా ఎత్తేయమనను. ఈ వ్యాపారానికి పెట్టుబడి పెట్టేవాళ్లకు 27ఎ, మళ్లీ మళ్లీ నేరం చేసేవాళ్లకు 31, ఇలా వేర్వేరు సెక్షన్లు చట్టంలోనే ఉన్నాయి. నిషేధాన్ని వాళ్లకే పరిమితం చేసి, మొదటిసారి దొరికిన కూలివాడు సగం శిక్ష అనుభవించాక రెమిషన్ సంపాదించుకునే వీలు కల్పించాలి. జైల్లో మగ్గం నేర్చినా, చదువుకున్నా ఒక్కరోజు కూడా కలిసిరాదని తెలిసినవాణ్ణి మారమని ఏ నోటితో అడుగుతాం?

సవరణ చేయాల్సింది పార్లమెంటు. అంతవరకూ రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతికీ, 161 కింద గవర్నరుకూ ఉన్న క్షమాధికారాన్ని ఈ 32ఎ సెక్షన్ తాకలేదు. మీవాళ్లెవరైనా ఇలాంటి శిక్షలో ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. ఖైదీ తరఫున అర్జీ రాయడానికి, అప్పీలు వేయడానికి అక్కడ న్యాయ సహాయం ఉచితం.