కథ మార్చేది ‘నలుగురి’ లెక్కను

అందరికీ నమస్కారం.

కథలు మనుషుల్ని మారుస్తాయని ఒప్పుకోనివాళ్లు ఈ సభలో ఉండరు. ఏం మారుస్తాయి అని అడిగితేనే జవాబు చిక్కుముడి అవుతుంది.

ఆఫ్రికాలోని రువాండాలో టుట్సీ వర్గంపై మారణహోమం జరిగిన పదేళ్లకు, 2004లో, ఒక రేడియో నాటకం మొదలైంది. కల్పిత పల్లెలు రెండు, వాటి మధ్య పగ, ఆ పగకు ఎదురు నిలిచే ప్రేమజంట. ఎలిజబెత్ లెవీ పాలక్ అనే పరిశోధకురాలు కొన్ని ఊళ్లలో దాన్ని ఏడాదిపాటు వినిపించారు. పోలిక కోసం మరికొన్ని ఊళ్లలో ఆరోగ్యం గురించిన నాటకం వినిపించారు. 2009లో వచ్చిన ఫలితాల్లో శ్రోతల సొంత నమ్మకాలు పెద్దగా కదల్లేదు. కదిలింది ‘మా నలుగురూ దేన్ని ఒప్పుకుంటారు’ అన్న అంచనా. అవతలి వర్గంతో పెళ్లి, పైకి చెప్పే అసమ్మతి, ఇవి తమవాళ్లకు పరాయివి కావని వాళ్లకు అనిపించింది. చివర్లో ప్రతి ఊరికీ ఒక టేప్ రికార్డరు, క్యాసెట్లు ఇచ్చారు. ఆరోగ్య నాటకం విన్నవాళ్లు వాటిని పెద్దగా చర్చ లేకుండా స్థానిక అధికారి చేతిలో పెట్టడానికి మొగ్గారు. పగ నాటకం విన్నవాళ్లు మాత్రం వాదించుకుని, అందరూ కలిసి చూసుకునే పద్ధతి వెతికారు.

ఈ విషయంలో నాకు తెలిసిన సాక్ష్యాల్లో దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. మనసు మారకముందే మాట, నడత మారవచ్చు. నలుగురికీ జడిసి ఊరుకున్నవాడికి ఆ నలుగురూ వేరేలా కనిపిస్తే చాలు.

నమ్మకాల మీదా కథ పని చేస్తుంది, కాకపోతే దొడ్డిదారిన. కథలో మునిగినవాడు ఎదురు వాదించడు. కథలో కలిపిన తప్పుడు సమాచారం చదివినవాళ్లను రెండు వారాల తర్వాత మళ్లీ అడిగితే, దాని ప్రభావం తగ్గకపోగా పెరిగిందని 2007 నాటి ఒక ప్రయోగం చూపింది. ఎక్కడ చదివామో మరుపున పడుతుంది, చదివింది మిగులుతుంది. అబద్ధానికీ ఇదే దారి అని రచయితలు గుర్తుంచుకోవాలి. సాహిత్యం కాసేపు చదివితే చాలు, ఎదుటివాళ్ల మనసు పట్టే నేర్పు పెరుగుతుందని 2013లో వచ్చిన వాదన మాత్రం పెద్ద పునఃపరీక్షలో నిలవలేదు.

ఇక పనితనం. మెక్సికోలో మిగేల్ సబిదో అనే నిర్మాత 1970లలో టీవీ ధారావాహికలకు ఒక పద్ధతి కట్టాడు. మంచికి ఒక పాత్ర, చెడుకు ఒకటి, మధ్య ఊగిసలాడే పాత్ర మరొకటి. ప్రేక్షకుడు నడిచేది ఆ మూడోదానితో. అది తడబడాలి, వెనక్కి జారాలి, ఫలితం మెల్లగా అందాలి. మొదటి భాగంలోనే మారిపోతే కథ ఉపన్యాసమైపోతుంది.

వ్యంగ్యం మరీ ప్రమాదం. జాతి దురభిమానిని ఎగతాళి చేయాలని తీసిన ఒక అమెరికన్ టీవీ హాస్య ధారావాహికపై 1974లో అధ్యయనం వచ్చింది. దురభిమానం ఎక్కువ ఉన్న ప్రేక్షకులు ఆ పాత్రనే మెచ్చుకున్నారు. అందుకే రాసింది ముందుగా మనతో ఏకీభవించనివాళ్లకు వినిపించాలి. ‘నచ్చిందా?’ అని కాదు, ‘ఇందులో తెలివిగలవాడు ఎవరు? చివరికి నెగ్గింది ఎవరు?’ అని అడగాలి. మనం అనుకోని పేరు చెబితే, సంభాషణలకు మెరుగులు దిద్దడం ఆపి, ఎవరి చేత ఏ సన్నివేశంలో నవ్వించామో మళ్లీ చూసుకోవాలి.