పోననాన్

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ నాకిచ్చిందే పది నిమిషాలు, ఏమనుకోకండి. మాతృభాష మీద మాట్లాడమన్నారు కదా, నేను తమిళం గురించి మాట్లాడతా. నవ్వకండి, మాది సత్యవేడు, మాకు సగం తమిళమే. లండన్‌లో నాకు అన్నం పెట్టింది కూడా అదే, శరణార్థుల ఇంటర్వ్యూల్లో దుబాసీ పని.

ఒకసారి ఒక కుర్రాడొచ్చాడు, పేరొద్దు, శ్రీలంక ఉత్తరాన వన్ని వైపు వాడు. యుద్ధం చివర్లో ఇంటికో పిల్లాణ్ణి ఇవ్వాల్సిందేనని తమిళ పులులు, అదే ఎల్టీటీఈ వాళ్ళు పట్టుకుపోతున్నప్పుడు వీడికి పద్నాలుగేళ్ళు. ఎల్టీటీఈలోకి ఎలా వెళ్ళావని ఆఫీసర్ అడిగితే పేపర్ కప్పు అంచు గోటితో గిల్లుతూ "ఇయక్కత్తుక్కు పోననాన్" అన్నాడు. ఇయక్కం అంటే ఉద్యమం, పులుల్ని వాళ్ళు అలాగే అంటారు. పోననాన్ అంటే వెళ్ళాను. ఇష్టపడి వెళ్ళినా పోననానే, అమ్మ కాళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే ట్రాక్టరెక్కించినా పోననానే. నేను ఇంగ్లీషులో "జాయినయ్యాను" అనేశా.

రెండు నెలలకి రిజెక్షన్ లెటర్. నీ అంతట నువ్వే జాయినయ్యానన్నావు కదా అని.

1951 శరణార్థుల ఒప్పందంలో 1ఎఫ్ అని ఒక నిబంధన ఉంది, యుద్ధ నేరాలు చేసినోళ్ళకి ఆశ్రయం లేదు. ఉండాల్సిందే, నేనేం కాదనను. కానీ పదిహేనేళ్ళలోపు పిల్లల్ని సైన్యంలో చేర్చుకోవడమే యుద్ధ నేరమని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుని పెట్టిన రోమ్ శాసనం చెప్తోంది, మరి ఆ నేరం ఎవడి మీద జరిగిందో వాణ్ణే తీసుకెళ్ళి నేరస్తుల లైన్లో నిలబెడితే ఎలాగండీ? 2010లో ఇక్కడి బ్రిటన్ సుప్రీంకోర్టుకి ఇలాంటి తమిళుడి కేసే వచ్చింది, పదేళ్ళకే పులుల్లో చేరి పెద్ద పోస్టుదాకా వెళ్ళినవాడు. ఉత్త మెంబరైతే చాలదు, వాడు స్వయంగా ఏం చేశాడో చూడమంది కోర్టు. మా వాడు వంటకి కట్టెలు మోశాడు, బంకర్లు తవ్వాడు. వెనక్కి పంపితే కొలంబో ఎయిర్‌పోర్టులోనే సీఐడీ వాళ్ళు పట్టుకుంటారని వాడి భయం, రాత్రిళ్ళు నిద్ర లేదు.

మాతృభాష అన్నారుగా, అదే చెప్తున్నా. "వెళ్ళాను"కీ "తీసుకుపోయారు"కీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఇంకొక్క ప్రశ్న అడగనివ్వండి సార్, ఎవరు తీసుకెళ్ళారో అడుగుదాం అని నేను అనాలి. అనలేదు. ఆఫీసర్ గడియారం చూస్తున్నాడు, నేనూ చూశా.

మొన్న వాడి లాయర్‌కి రెండు పేజీలు రాసిచ్చా, ఆ మాట వాడిది కాదు నాదని. అప్పీలు డేట్ ఇంకా రాలేదు. మీలో చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి తమిళం వచ్చినోళ్ళుంటే భోజనాల దగ్గర నన్ను కలవండి, మనుషులు చాలట్లేదు.