బాణం గుర్తు చూపించని దారి: ఊబి కొండల మీద జియోక్యాషింగ్

హోస్ట్: అక్కా, ఈ ఎపిసోడ్‌లో ఊబి నేల ఉన్న కొండల మీద జియోక్యాషింగ్ గురించి, అంటే ఎవరో దాచిన చిన్న డబ్బాని జీపీఎస్ సాయంతో వెతికే ఆట గురించి మాట్లాడుకుందాం. ఫోన్‌లో బాణం ‘ఇంకా 900 మీటర్లు’ అంటుంది. ఎదురుగా చెట్టూ చేమా లేని బయలు. నేరుగా వెళ్ళిపోతే పోలా అనిపిస్తుంది.

అతిథి: చిక్కంతా అక్కడే, తమ్ముడూ. బాణానికి తెలిసినవి రెండే: మనం ఉన్న చోటు, డబ్బా ఉన్న చోటు. మధ్యలో ఏముందో దానికేం తెలుసు? మంచి దారిలో 900 మీటర్లు పావుగంట కూడా పట్టవు. తడి పీట్ మీద ముప్పావు గంట పట్టినా పట్టొచ్చు.

హోస్ట్: పీట్ అంటే ఏంటో కాస్త చెప్పండి.

అతిథి: నీళ్ళు నిలిచిన చోట గాలి ఆడక నాచు, గడ్డి పూర్తిగా కుళ్ళవు. ఏళ్ళ తరబడి అలా పేరుకున్న నల్లటి పొరే పీట్. అది ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. అందులో పెరిగే స్ఫాగ్నమ్ నాచు తన బరువుకి 20 రెట్ల దాకా నీళ్ళు పట్టి ఉంచుతుంది. అందుకే ‘కొండ మీద కదా, నీళ్ళు కిందికి జారిపోయుంటాయి’ అనుకుంటే దెబ్బతింటాం. పైన చదునుగా ఉన్న చోటే తడి ఎక్కువ.

హోస్ట్: మరి ఎక్కడ అడుగెయ్యాలో ఎలా తెలుస్తుంది?

అతిథి: రంగు చూడాలి. హెదర్, అంటే ఊదా పూలు పూసే పొట్టి పొదలు, గుబురుగా ఉంటే అడుగున నేల కాస్త ఆరి ఉన్నట్టు. తుంగ ఉంటే తడే, కానీ దుబ్బు మొదట్లో కాలు పెడితే సాధారణంగా ఆగుతుంది. తెల్లటి దూది కుచ్చుల్లాంటి పత్తిగడ్డి కనిపిస్తే జాగ్రత్త. ఇక పచ్చిక బయల్లా మెరిసే లేత ఆకుపచ్చ నాచు, చదునుగా, మధ్యలో ఏ మొక్కా లేకుండా ఉందనుకో, దాని మీద కాలు పెట్టొద్దు. చూడ్డానికి అన్నిటికన్నా మెత్తగా, అందంగా ఉంటుంది. దాని కింద ఉండేది నీళ్ళే. అనుమానం వస్తే ముందు కర్రతో పొడిచి చూడాలి. కర్ర చివర వెడల్పాటి బిళ్ళ లేకపోతే గట్టి నేలలో కూడా దిగిపోయి తప్పు చెప్తుంది.

హోస్ట్: కాలు దిగిపోతే?

అతిథి: రెండో కాలు ముందుకు వెయ్యొద్దు. అందరూ చేసే తప్పు అదే. బరువంతా ఒక్క కాలి మీద పడి ఇంకా లోపలికి పోతుంది. తొడదాకా దిగితే బ్యాగు విప్పి పక్కన పడుకోబెట్టు. వెనక్కి వాలు, దాదాపు కూర్చున్నట్టు. చేతులు చాచి బరువు పరుచుకో. దిగిన కాలిని చిన్నగా అటూ ఇటూ ఆడిస్తే బూటు చుట్టూ నీళ్ళు చేరి పట్టు వదులుతుంది. అప్పుడు మెల్లగా లాగి, వచ్చిన వైపుకే పాకాలి, ముందుకు కాదు. తోడున్నవాళ్ళు చెయ్యి పట్టి గుంజకుండా, గట్టి నేల మీద నిలబడి కర్ర అందించాలి.

హోస్ట్: దారి ఎలా ఎంచుకోవాలి?

అతిథి: ఇంట్లో కూర్చుని మ్యాప్ మీదే. రాతి గోడ, కంచె, వాగు, ఏదో ఒకదాన్ని పట్టుకుని వీలైనంత దగ్గరికి వెళ్ళి, చివరి 200 మీటర్లు మాత్రమే బయల్లో నడవాలి. నేస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన నడక లెక్క ఉంది: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. తడి పీట్ మీద ఆ లెక్కకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు వేసుకోవాలి. వెనక్కి తిరిగే టైము ముందే రాసుకోవాలి, డబ్బా దొరికినా దొరక్కపోయినా.

పీట్ దిబ్బల మధ్య నీళ్ళు కోసిన కాలువలు ఉంటాయి, కొన్ని మనిషి ఎత్తు లోతు. దిగి ఎక్కేసరికి దిక్కు మారిపోతుంది. పొగమంచులో మరీనూ. అందుకే దిక్సూచితో దిక్కు చూసి, ఆ వరసలో 50 మీటర్ల దూరంలో ఒక రాయో పొదో గుర్తు పెట్టుకుని, దాని దగ్గరికి చేరాక మళ్ళీ చూడాలి.

హోస్ట్: జీపీఎస్ దగ్గర ఎక్కువగా జరిగే తప్పేంటి?

అతిథి: అంకెల రాత. జియోక్యాషింగ్‌లో డబ్బా ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలకి డిగ్రీలు, దశాంశ నిమిషాలు వాడతారు. 53 డిగ్రీల 27.500 నిమిషాలని 53.27500 డిగ్రీలుగా కొడితే దాదాపు 20 కిలోమీటర్లు తప్పిపోతాం. నిమిషాల్ని 60తో భాగిస్తే అసలు అంకె 53.45833. రెండోది, కంపాస్ సెన్సర్ లేని పరికరాల్లో బాణం మన కదలికను బట్టే దిక్కు చెప్తుంది. ఆగిపోతే అది గిర్రున తిరుగుతుంది. మూడోది చలి. ఫోన్ బ్యాటరీ చలికి తొందరగా పడిపోతుంది, తడి వేళ్ళకి స్క్రీన్ పలకదు. మ్యాప్ డౌన్‌లోడ్ చేసి, ఫోన్ ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకుని, కాగితం మ్యాప్ కూడా తీసుకెళ్ళాలి.

హోస్ట్: దగ్గరికి వచ్చేశాం. 8 మీటర్లు అంటోంది.

అతిథి: ఇక ఫోన్ లోపల పెట్టెయ్. మన రీడింగ్‌లో నాలుగైదు మీటర్ల తేడా, దాచినవాళ్ళ రీడింగ్‌లో అంతే తేడా, రెండూ కలుస్తాయి. కళ్ళతో వెతకాలి. దాచడానికి నేల తవ్వకూడదన్నది నియమం, కాబట్టి పీట్ తవ్వాల్సిన పనే లేదు. దాచినవాళ్ళూ తడికి జడిసి రాళ్ళ సందుల్లోనో గోడ వారనో పెడతారు. ముందు అవే చూడాలి. నాచు పీకి వెతకొద్దు, దయచేసి. ఒక్క సెంటీమీటరు పీట్ అంటే పదేళ్ళు. వసంతంలో నేల మీద గూడు కట్టే పక్షులుంటాయి, పక్షి అరుస్తూ చుట్టూ తిరుగుతోందంటే అక్కడి నుంచి కదలాలి.

హోస్ట్: ఈ సరదా జీపీఎస్‌తోనే మొదలైందా?

అతిథి: జియోక్యాషింగ్ అయితే అంతే. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్ కచ్చితత్వాన్ని కావాలని తగ్గించడం మానేసింది. మర్నాడే ఒరెగాన్‌లో డేవ్ అల్మర్ మొదటి డబ్బా దాచారు. కానీ ఊబి కొండల్లో ఈ ఆట అంతకన్నా పాతది. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో, క్రాన్‌మియర్ పూల్ అనే చిత్తడి గుంట దగ్గర, గైడ్ జేమ్స్ పెరట్ 1854లో ఒక సీసా ఉంచాడు, వచ్చినవాళ్ళు తమ కార్డు వేసి వెళ్ళడానికి.

హోస్ట్: డబ్బా తెరిచాక?

అతిథి: వాన పడుతుంటే వీపు గాలికి పెట్టి, డబ్బా మీదకి వంగి తెరవాలి. లోపల, వెతికి పట్టుకున్నవాళ్ళు పేరు రాసే పుస్తకం తడిసిపోవడానికి కారణం చాలాసార్లు మూతే. గాడిలో రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా, ఒక గడ్డి పోచ అడ్డం పడినా నీళ్ళు లోపలికి దిగుతాయి. పొడిగుడ్డతో రింగు చుట్టూ తుడిచి, పుస్తకం ఉన్న కవరులో గాలి నొక్కి తీసి, నాలుగు క్లిప్పులూ టక్కుమనేదాకా నొక్కాలి. రాయడానికి పెన్సిలే. తడి కాగితం మీద పెన్ను పారదు. తినేవేవీ లోపల పెట్టకూడదు, వాసనకి జంతువులు డబ్బా కొరికేస్తాయి. రాయి ఎలా ఉందో సరిగ్గా అలాగే మళ్ళీ అడ్డం పెట్టాలి. పుస్తకం అప్పటికే నీళ్ళు కారుతుంటే ఆ సంగతి ఆన్‌లైన్ లాగ్‌లో రాస్తే దాచినవాళ్ళకి తెలుస్తుంది, కొత్తది పట్టుకుని వస్తారు.

హోస్ట్: తిరుగు దారి?

అతిథి: వచ్చిన అడుగుల మీదే. పొడి మేజోళ్ళు వాటర్‌ప్రూఫ్ సంచిలో ఉంటే గోడ దగ్గరికి చేరాక మార్చుకోవాలి, బయల్లో కాదు.