మూలాపేట దీక్షను ఎందుకు మరిచిపోయాం?

(నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం)

యాంకర్: పొట్టి శ్రీరాములు గారి గురించి ఏ పిల్లవాడిని అడిగినా 58 రోజుల దీక్ష అని చెప్తాడు. అంతకు మించి చెప్పాల్సింది ఉందంటారా మేడమ్?

చరిత్ర అధ్యాపకురాలు: చాలా ఉంది. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకు కూర్చున్నారు, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఇది అందరికీ తెలుసు. కానీ అంతకు ఆరేళ్ల ముందు, 1946లో, ఇదే నెల్లూరులో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని ఆయన నిరాహార దీక్ష చేశారు. సాధించారు కూడా. ఆ గుడి పక్క వీధుల్లో పెరిగిన వాళ్లకే ఈ సంగతి తెలియదు. నాకు బాధ అక్కడే.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్: అమ్మా, ఒక్క మాట. ఆయన ప్రాణం పోయిన నాలుగో రోజున నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. అంత పెద్ద ఫలితం వచ్చినప్పుడు జనం దాన్నే గుర్తుపెట్టుకుంటారు. అది తప్పెలా అవుతుంది?

అధ్యాపకురాలు: తప్పనడం లేదు మాస్టారూ. మద్రాసు దీక్ష ఢిల్లీని అడిగింది. మూలాపేట దీక్ష మనల్ని అడిగింది, మన వీధిని, మన గుడిని. మొదటిదానికి విగ్రహాలు పెట్టాం, 2008లో జిల్లాకే ఆయన పేరు పెట్టుకున్నాం. రెండోదాన్ని వదిలేశాం. హరిజనోద్ధరణ కోసం మెడలో అట్టముక్కలు తగిలించుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా ఎండలో ఈ ఊళ్లో తిరిగితే పిచ్చివాడన్నారు ఆయన్ని. హరిజన సంక్షేమానికి కలెక్టర్లు వారానికి కనీసం ఒక రోజు కేటాయించాలని కూడా దీక్ష చేసి ప్రభుత్వంతో ఉత్తర్వులు ఇప్పించారు. రైల్వే ఉద్యోగం వదిలి సబర్మతికి వెళ్లిన మనిషి పట్టుదల అది.

యాంకర్: ఒంగోలు వైపు కూడా ఇలాంటి కథ ఉందని బ్రేక్‌లో అన్నారు మీరు.

చర్చి చరిత్ర పరిశోధకుడు: ఉందండీ. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. ఆయన పేరు చెప్పగానే 1878 జులై 3, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం, ఇదే వస్తుంది. మెచ్చుకునేవాళ్లూ అదే చెప్తారు, తిట్టేవాళ్లూ అదే చెప్తారు. దానికి ముందు 1876-78 కరువు ఉంది. తిండి లేక జనం రాలిపోతుంటే, బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వాళ్లకు కూలి పని కల్పించారు. సర్వే పని తెలిసినవాడు కాబట్టి చేయగలిగారు. నన్ను కదిలించేది ఇంకోటి. కరువు పనులు నడిచినంత కాలం, ఏడాదికి పైగా, ఎవరెంత అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని. ఆకలితో ఉన్న వేలమంది ఎదురుగా ఉన్నా ఆగారు చూడండి, దాన్ని బట్టి ఆయన్ని అంచనా వేయాలి. ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఎంతో కాలంగా ఊరి బయట ఉంచిన మనుషులు. వాళ్లెందుకు వచ్చారో చెప్పకుండా అంకె ఒక్కటే చెప్తే వాళ్ల కథ పోతుంది.

హెడ్‌మాస్టర్: ఇది ఒప్పుకుంటాను. ప్రకాశం పంతులు గారి విషయంలోనూ అంతే కదా. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు గుండె చూపారని చెప్తాం. బారిస్టరుగా సంపాదించిందంతా ‘స్వరాజ్య’ పత్రికకు ధారపోసిన సంగతి చెప్పం.

యాంకర్: మరి బడిలో ఏం చేయాలంటారు?

అధ్యాపకురాలు: పిల్లల్ని మూలాపేట గుడికి తీసుకెళ్లాలి. దీక్ష ఎందుకు చేయాల్సి వచ్చిందో అక్కడే నిలబెట్టి చెప్పాలి. అప్పుడు ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బయట ఉన్నారు అని వాళ్లే అడుగుతారు.

హెడ్‌మాస్టర్: తల్లిదండ్రుల నుంచి అభ్యంతరాలు వస్తాయి, టీచర్లకు టెన్షన్ కూడా.

అధ్యాపకురాలు: రానివ్వండి మాస్టారూ. శ్రీరాములు గారికీ వచ్చాయి కదా.