పిల్లలు చూసే గేమింగ్ వీడియో: ఫోన్ బోర్లా పెట్టి ఐదు నిమిషాలు వినండి

[తెర మీద: డైనింగ్ టేబుల్. కంచంలో పప్పన్నం. నీళ్ల గ్లాసుకి ఆనించి నిలబెట్టిన ఫోన్. పిల్లాడి చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ఫోన్లోంచి ఎవరో అరుస్తున్న శబ్దం.]

ఈ సీను మీ ఇంట్లో కూడా రోజూ ఉండేదే అనుకుంటా. గ్లాసుకి ఆనించిన ఫోను, దానికేసి చూస్తూ నోరు తెరిచే పిల్లాడు. ఫోన్ పెట్టందే ముద్ద దిగదు.

ఇది విజయవాడ పటమటలో మా అక్కావాళ్లిల్లు. వీడు మా అక్క కొడుకు. తొమ్మిదేళ్లు. ఇంట్లో చిన్నా అంటాం. మొన్న వేసవి సెలవుల్లో గుంటూరు నుంచి వెళ్లి అక్కడ నాలుగు రోజులున్నా. రెండో రోజు భోజనాల దగ్గర మా అమ్మ "ఇంకొంచెం పప్పు వేసుకోరా" అంటే, వీడు తలెత్తకుండానే "ఏయ్ నూబ్, సైడుకి జరుగు" అన్నాడు. అమ్మమ్మని! ఆవిడకి ముక్క అర్థం కాలేదు. "నూపప్పా? నూపప్పు ఇప్పుడెందుకురా?" అంది.

అందరం పడీ పడీ నవ్వాం. నూబ్ అంటే ఆట రానివాడు, దద్దమ్మ అని. నవ్వు అయిపోయాక నేను ఆ ఫోన్ తీసుకుని హిస్టరీ తెరిచా.

[తెర మీద: యూట్యూబ్ హిస్టరీ. పేర్లు, బొమ్మలు మసకగా.]

గోంగూర నిల్వ పచ్చడి. దాని కింద హెడ్‌షాట్లు, అంటే తుపాకుల ఆటలో తలకి గురిపెట్టి కొట్టే వీడియోలు. దాని కింద జాకెట్ చేతుల డిజైన్లు. మళ్లీ హెడ్‌షాట్లు, మళ్లీ హెడ్‌షాట్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే అసలు చిక్కు చాలా ఇళ్లలో ఇక్కడే మొదలవుతుంది. ఫోను అమ్మది. అకౌంటు అమ్మది. అంటే యూట్యూబ్ లెక్కలో ఆ వీడియోలు చూస్తున్నది తొమ్మిదేళ్ల చిన్నా కాదు, ముప్పై ఆరేళ్ల మా అక్క. పెద్దలకు మాత్రమే అని గుర్తు పెట్టిన వీడియో కూడా, లాగిన్ అయిన అకౌంటులో వయసు 18 దాటి ఉంటే తెరుచుకుంటుంది. కాపలావాడు గేటు దగ్గరే ఉన్నాడు, కానీ మనవాడు అమ్మ చీర కొంగు కప్పుకుని లోపలికి వెళ్తున్నాడు.

[తెర మీద: రెండు పెట్టెలు. ఒకదాంట్లో 'ఆట', ఇంకోదాంట్లో 'ఆడేవాడు'.]

సరే, ఒక గేమింగ్ వీడియో పిల్లలకి పనికొస్తుందా లేదా ఎలా తేల్చుకోవాలి? మనం సాధారణంగా చేసేది ఒకటే. అటుగా వెళ్తూ తెరకేసి ఒక చూపు చూస్తాం. తుపాకీ ఉంటే "ఏంట్రా ఈ చంపుకోవడాలు, తీసెయ్" అంటాం. రంగురంగుల డబ్బాలు, గొర్రెలు, చెట్లు కనిపిస్తే "ఆ, పర్లేదులే" అని వంటింట్లోకి పోతాం.

ఆ చూపుతో తెలిసేది సగమే. గేమింగ్ వీడియోలో రెండు వస్తువులుంటాయి. ఒకటి ఆట. రెండోది ఆ ఆట ఆడుతూ మాట్లాడే మనిషి. ఆటకి వయసు చీటీ ఉంటుంది. ప్లే స్టోర్‌లో ఏ గేమ్ పేజీ తెరిచినా 3+, 7+, 12+, 16+, 18+ అని కనిపిస్తుంది. యూరప్‌లో 2003 నుంచి పెగి అనే సంస్థ, అమెరికాలో 1994 నుంచి ఈఎస్ఆర్‌బీ ఇలాంటి వయసు రేటింగులు ఇస్తున్నాయి. దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టే మైన్‌క్రాఫ్ట్‌కి పెగి ఇచ్చింది 7. కార్ల దొంగతనాలు, కాల్పులు ఉండే జీటీఏ ఫైవ్‌కి ఇచ్చింది 18. ఆట పేరు కొట్టి వెతికితే అర నిమిషంలో తెలిసిపోతుంది.

మాట్లాడే మనిషికి మాత్రం చీటీ లేదు. ఏడేళ్ల పిల్లల ఆట ఆడుతూ నోటికొచ్చిన బూతు తిట్టేవాడున్నాడు. తుపాకుల ఆట ఆడుతూ "తప్పు నాదే, గోడ చాటుకి వెళ్లకుండా పరిగెత్తా, ఇంకోసారి చూద్దాం" అని నెమ్మదిగా చెప్పేవాడూ ఉన్నాడు. మా చిన్నా దగ్గర వదలమంటే నేను ఈ రెండోవాణ్ణే వదులుతా.

[తెర మీద: చేయి ఫోన్‌ని టేబుల్ మీద బోర్లా పెడుతుంది. శబ్దం మాత్రం వస్తూంటుంది.]

అందుకే ఇలా చేయండి. వీడియో పెట్టండి. ఫోన్ బోర్లా పెట్టండి. చిక్కుళ్లు ఒలుచుకుంటూ వినండి. ఐదు నిమిషాలు చాలు.

ఎక్కడ వినాలన్నది ముఖ్యం. మొదటి నిమిషం వినకండి. అక్కడ అందరూ మంచివాళ్లే, "హాయ్ ఫ్రెండ్స్, ఎలా ఉన్నారు" అని మర్యాదగానే మొదలవుతుంది. బాగా నడిచిన వీడియోలకి కొన్నిటికి, కింద గీత మీద వేలు పెడితే చిన్న కొండలాగా ఒక గ్రాఫ్ లేస్తుంది. జనం ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసిన చోటు అది. ఆ కొండ శిఖరం దగ్గర పెట్టండి. మీవాడు కూడా బహుశా అక్కడే నాలుగుసార్లు చూసి ఉంటాడు.

ఇక రెండోది. వీడియోలో ఆడేవాడు ఓడిపోయిన చోటు వెతకండి. గెలిచేటప్పుడు ఎవడైనా నవ్వుతాడు. ఓడిపోయిన మరుక్షణం నోట్లోంచి ఏమొచ్చిందో అదే మీ పిల్లాడు రేపు గల్లీ క్రికెట్లో ఔటైనప్పుడు అనబోయేది.

[తెర మీద: బోర్లా ఉన్న ఫోన్. నటించిన గొంతు: "ఏంట్రా అమ్మాయిలా ఆడుతున్నావ్... (బీప్)... చూడు వీడి మొహం చూడు..."]

విన్నారా? ఇందులో రక్తం లేదు, తుపాకీ లేదు. ఇటుకల ఇల్లు కట్టే ఆట ఇది. కానీ ఒక వాక్యంలో ఆడపిల్లల్ని తక్కువ చేశాడు, తోటివాడి మొహాన్ని వెక్కిరించాడు. మధ్యలో బీప్ వేశారు కదా అని ఊరుకోకండి. ఆ బీప్ కింద ఏముందో మీకన్నా ముందు మీ పిల్లాడే చెప్తాడు.

అలాగని ప్రతి మాటకీ ఉలిక్కిపడక్కర్లేదు. "లేపేశా", "చచ్చాడు", "ఇంకా ముగ్గుర్ని వేసెయ్యాలి" లాంటివి వినగానే చాలామంది తల్లులు గుండె పట్టుకుంటారు. మనం చిన్నప్పుడు కబడ్డీలో ఏమనేవాళ్లం? కూత ఆగితే "చచ్చావు, బయటికి పో" అనేవాళ్లం కాదూ! ఆటలో చావుకి పిల్లలు పెట్టుకునే అర్థం వేరు. నేను చెవి పెట్టేది మనిషిని మనిషి చులకన చేసే మాటల కోసం.

[తెర మీద: కార్టూన్ పిల్లాడి నీడ, వెనకాల పెద్ద నగరం, పోలీసు కార్ల లైట్లు.]

చూపు మోసపోయే ఇంకో రకం ఉంది. మా చిన్నా చెల్లెలు ఐదేళ్లది, అదీ ఇవే చూస్తోంది. టీవీలో వచ్చే కార్టూన్ బొమ్మని తెచ్చి జీటీఏలో దింపుతారు. థంబ్‌నెయిల్ మీద ముద్దుగా ఆ బొమ్మ. లోపల ఉన్నది పెద్దవాళ్ల ఆట, 18 చీటీ ఉన్న ఆట. బొమ్మ కారు దొంగిలిస్తుంది, పోలీసులు తరుముతారు, దారిలో నలుగురిని గుద్దేసి నవ్వుకుంటారు. దాటిపోతూ చూస్తే కార్టూనే అనిపిస్తుంది. నాకైతే సూటిగా తుపాకులు చూపించే వీడియో కన్నా ఇదే చిరాకు, ఎందుకంటే పొట్లం మీద ఒక పేరు, లోపల ఇంకో సరుకు. పిల్లల వీడియోలాగా కనిపించే ప్రతిదాన్నీ ఆట పేరేంటో తెలిసేదాకా నమ్మకండి.

[తెర మీద: వీడియో కింద కామెంట్ల పెట్టె.]

ఒక చిన్న గుర్తు చెప్తా. 2019లో అమెరికాలో, పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారన్న కేసులో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు కట్టాయి. ఆ తర్వాతే ప్రతి వీడియో పెట్టేవాడూ 'ఇది పిల్లల కోసం చేసిందా, కాదా' అని చెప్పాలన్న పద్ధతి వచ్చింది. అవును అని చెబితే కామెంట్లు ఉండవు, లైవ్ చాట్ ఉండదు, చూసేవాళ్ల ఇష్టాలని బట్టి వేసే ప్రకటనలూ ఉండవు. ఆ ప్రకటనలు పోతే ఆదాయం తగ్గుతుంది. కాబట్టి మీవాడు చూస్తున్న వీడియో కింద కామెంట్లు తెరిచి ఉన్నాయంటే, అది పిల్లల కోసం అని గుర్తు పెట్టింది కాదు. మరి గుర్తు ఉంటే మంచిదేనా అంటే అదీ చెప్పలేం. ఆ గుర్తు చెప్పేది ఎవరి కోసం చేశారన్నదే, ఎంత బాగా చేశారన్నది కాదు.

[తెర మీద: లైవ్ చాట్. మెసేజ్‌లు గబగబా పైకి పోతూంటాయి.]

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన రెండో సంగతి. అక్క అకౌంటులో లైవ్ చాట్ హిస్టరీ కూడా తీశాం. గూగుల్‌లో 'మై యాక్టివిటీ' అని ఉంటుంది, మనం పెట్టిన కామెంట్లు, చాట్‌లు అందులో కనిపిస్తాయి. ఎవరో ఒకతను లైవ్‌లో, ఫ్రీ ఫైర్ అనే తుపాకుల ఆట డైమండ్లు పంచుతానన్నాడు. డైమండ్లు అంటే ఆ ఆటలో చొక్కాలు, తుపాకీ రంగులు కొనుక్కునే నాణేలు. మావాడు వరసగా పదిహేడు మెసేజ్‌లు పెట్టాడు. "అన్నా నాకు అన్నా." "అన్నా ప్లీజ్ అన్నా." "అన్నా మా అమ్మ కొనివ్వదు అన్నా." పదిహేడోదాంట్లో వాళ్లమ్మ ఫోన్ నంబరు.

ఆ వారమంతా అక్కకి తెలియని నంబర్ల నుంచి ఎందుకు ఫోన్లొస్తున్నాయో అప్పుడు తెలిసింది. పాపం, బ్యాంకు వాళ్లనుకుని తిట్టుకుంటోంది.

వాణ్ణి కొట్టలేదండి. కూర్చోబెట్టి ఒక్కటే చెప్పా. ఎవరైనా నిజంగా డైమండ్లు వెయ్యాలంటే ఆటలోని నీ ప్లేయర్ ఐడీ ఒక్కటి చాలు. ఫోన్ నంబరు అడిగినా, పాస్‌వర్డ్ అడిగినా, ఓటీపీ అడిగినా వాడు ఇచ్చేవాడు కాదు, పట్టుకుపోయేవాడు. ఇది పిల్లలకి వెంటనే ఎక్కుతుంది, ఎందుకంటే ఆట లెక్కలు మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.

వీడియో కింద డిస్క్రిప్షన్ కూడా ఒకసారి తెరవండి. అక్కడ మూడు రకాల లింకులు కనిపిస్తే ఆ ఛానెల్‌కి నమస్కారం పెట్టేయొచ్చు. ప్లే స్టోర్‌లో లేని 'మాడ్' యాప్, అంటే అసలుదాన్ని ఎవరో మార్చి చేసిన యాప్ దించుకోమనేది, టెలిగ్రామ్ గ్రూపులోకి రమ్మనేది, డబ్బు పెడితే డబ్బొస్తుందనే రంగుల ఆటలూ బెట్టింగులూ. మూడోది చట్టం దాకా వెళ్లిన విషయం. మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలతో పాటు వాటి ప్రచారాన్ని కూడా నిషేధించింది. అంటే "అన్న చెప్పాడు, ఈ యాప్‌లో వంద పెడితే వెయ్యి" అని మీవాడు అన్నాడంటే, ఆ అన్న చేస్తున్నది నేరం. ఒకవేళ డబ్బు పోయిందా, సిగ్గుపడి కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

[తెర మీద: ఫోన్ సెట్టింగులు. వేగంగా.]

సెట్టింగులు గబగబా చెప్పేస్తా. ఆటోప్లే ఆపేయండి, ఇది అన్నిటికన్నా ముందు. మనం వినింది ఒక వీడియో, అది అయిపోగానే వచ్చేది ఏదో మనకి తెలియదు కదా. నచ్చని ఛానెల్ వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి ఈ ఛానెల్‌ని సిఫార్సు చేయొద్దు అని పెట్టండి. పదమూడేళ్ల లోపు పిల్లలకి గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్‌తో వేరే అకౌంటు తెరవొచ్చు. ఐదారేళ్ల లోపు వాళ్లకి యూట్యూబ్ కిడ్స్‌లో, మీరు ఎంచిన వీడియోలు మాత్రమే వచ్చే పద్ధతి ఉంది. అందులో పిల్లలు సెర్చ్ కూడా చేయలేరు. అసలు ఆ వయసులో గేమింగ్ వీడియోలు ఎందుకని నా ఉద్దేశం, అది వేరే సంగతి.

ఇంకో మాట. బీజీఎంఐ అనే తుపాకుల ఆట 2023 మేలో మళ్లీ వచ్చినప్పుడు, 18 ఏళ్ల లోపు వాళ్లు రోజుకి 3 గంటలే ఆడేలా పరిమితి పెట్టారు. ఆడటానికి పరిమితి ఉంది. ఎవరో ఆడుతుంటే చూడటానికి లేదు. "ఆడట్లేదు పిన్నీ, చూస్తున్నా అంతే" అనే మాట అందుకే పుట్టింది.

[తెర మీద: మేడ మీద సాయంత్రం. నవారు మంచం. ఇద్దరి కాళ్లు, మధ్యలో ఫోన్.]

సాయంత్రం మేడ మీద వాడి పక్కన కూర్చున్నా. "ఏం చూస్తున్నావ్?" అని అడిగితే ఎలాగూ "ఏం లేదు" అంటాడు. అందుకని "ఈ అన్న ఓడిపోయిన మ్యాచ్ ఏదైనా ఉందా, పెట్టు" అన్నా. వాడికి భలే ఆశ్చర్యం.

"గెలిచింది పెడతా పిన్నీ."

"వద్దు, ఓడిందే పెట్టు. కళ్లు మూసుకుని విందాం."

కాసేపు విన్నాం. అన్న ఓడిపోయాడు, బీప్ మీద బీప్. చిన్నా కళ్లు తెరిచి నాకేసి చూశాడు. "పిన్నీ, వీడు మా పీఈటీ సార్ లాగా అరుస్తున్నాడు" అన్నాడు. తర్వాత వాడంతట వాడే ఇంకో ఛానెల్ పెట్టాడు. తెలుగులో మైన్‌క్రాఫ్ట్ ఆడే కుర్రాడు, గొంతు మెత్తగా ఉంది. నది మీద వంతెన కడుతూ, ఒక దిమ్మె తప్పు పెట్టి మొత్తం కూలిపోతే "అయ్యో, మళ్లీ మొదటి నుంచి" అని నవ్వుకున్నాడు. అది కూడా కళ్లు మూసుకునే విన్నాం.

మర్నాడు పొద్దున్నే వాడు నన్ను లేపి అడిగాడు, మన ప్రకాశం బ్యారేజీకి గేట్లెన్ని అని. నేను ఫోన్ తీసేలోపు వాడే, "70 పిన్నీ. 2024 వరదల్లో పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి కదా, అప్పుడు టీవీలో చెప్పారు" అన్నాడు.

[తెర మీద: మైన్‌క్రాఫ్ట్‌లో నీళ్ల మీద వరసగా బూడిద రంగు గేట్లు, సగం కట్టిన బ్యారేజీ.]

నిన్న వీడియో కాల్ చేశాడు. 43 గేట్లు అయ్యాయట. సీతానగరం వైపు కొండ పెట్టాలంటే ఏ రంగు దిమ్మెలు వాడాలో తేలక ఆగాడు.