రొయ్య పిల్ల టెస్టుకి మూడు గదులెందుకు?

[దృశ్యం: భీమవరం వైపు ఓ చెరువు గట్టు, తెల్లవారుజాము. మోటార్ సైకిల్ హ్యాండిల్‌కి ఆక్సిజన్ నింపిన కవరు. అందులో కనురెప్ప వెంట్రుకంత రొయ్య పిల్లలు.]

"ఏవండీ, పిల్ల ఇచ్చి రెండు గంటలైంది. ఇంకా రిపోర్టు రాలేదేంటండీ?"

మా యూనివర్సిటీ ల్యాబు కిటికీ దగ్గర రోజూ వినిపించే మాట ఇది. అడిగే రైతు తప్పేం లేదు. చెరువు తయారుచేసి, నీళ్లు పెట్టి, హేచరీకి అడ్వాన్స్ కట్టి వచ్చారు. టెన్షన్ ఉంటుంది మరి. అందుకే ఇవాళ కెమెరా పట్టుకుని కిటికీ లోపలికి వెళ్దాం.

మేం వెతికేది వైట్ స్పాట్ వైరస్. రొయ్య పెంకు మీద తెల్ల మచ్చలు కనపడేసరికి పరిస్థితి చేయి దాటిపోతుంది. వారం పది రోజుల్లో చెరువు ఖాళీ అయిపోవచ్చు. అందుకే చెరువులో వదలకముందే పిల్లలో వైరస్ డీఎన్‌ఏ ఉందేమో చూస్తాం.

[దృశ్యం: పీసీఆర్ మెషిన్ దగ్గరగా. తెర మీద 95, 58, 72 అంకెలు మారుతుంటాయి.]

ఉన్నా అది చాలా కొంచెమే ఉంటుంది. దాన్ని పెంచి చూపించేదే పీసీఆర్. 1983లో కేరీ మల్లిస్‌కి తట్టిన ఆలోచన ఇది, 1993లో నోబెల్ తెచ్చిపెట్టింది. 95 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ రెండు పోగులుగా విడిపోతుంది. వేడి తగ్గించగానే మనం వేసిన ప్రైమర్లు, అంటే చిన్న డీఎన్‌ఏ తునకలు, వైరస్ ముక్కని వెతికి పట్టుకుంటాయి. 72 దగ్గర కొత్త పోగు తయారవుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. ఇలా 30 సార్లు తిరిగితే, లెక్క ప్రకారం ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది.

కొత్త పోగుకి కావలసిన నాలుగు రకాల సరుకులో ఒకటి, మన ఒంట్లో కణాలకి శక్తినిచ్చే ఏటీపీకి స్వయానా చుట్టం. ఆ ఏటీపీని 1929లో కండరాల్లోంచి వెలికితీసినవారిలో యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఆయన పుట్టింది మన భీమవరంలోనే. మెషిన్ ఆన్ చేసినప్పుడల్లా నాకు గుర్తొస్తారు.

ఇక్కడే వస్తుంది తలనొప్పి. పని అయ్యాక ట్యూబు మూత తీస్తే, కంటికి కనపడని తుంపరలోనే లక్షల నకళ్లు ఉంటాయి. అది గ్లవుకి అంటి, అక్కణ్ణుంచి తలుపు గడియకి అంటి, రేపు ఇంకో రైతు మంచి పిల్లలో పడితే? రిపోర్టు పాజిటివ్. లక్షల పిల్ల అన్యాయంగా పారబోయాలి.

[దృశ్యం: మూడు తలుపులు వరసగా. ఒక్కో గది కొక్కేనికి ఒక్కో రంగు కోటు.]

డెల్టాలో పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరు కదా. మురుగు వెనక్కొచ్చి పంట కాలువలో కలవకూడదు. ల్యాబూ అంతే. మొదటి గదిలో మందులు కలపడం మాత్రమే. రెండో గదిలో పిల్లని నూరి డీఎన్‌ఏ తీస్తాం. మూడో గదిలో మెషినూ, పెరిగిన డీఎన్‌ఏని గీతలా చూపించే జెల్లూ. మూడో గదిలో అడుగుపెట్టిన మనిషి ఆ రోజుకి మొదటి గదికి రాడు. పిపెట్లు, కోట్లు, ఆఖరికి పెన్ను కూడా ఏ గదిది ఆ గదికే.

అయినా నమ్మకం చాలదు. ప్రతి బ్యాచ్‌లో ఒక ట్యూబులో పిల్ల బదులు ఉత్త శుద్ధమైన నీళ్లు పెడతాం. నేను మునుపు పనిచేసిన ఒక ల్యాబులో, ఓ సాయంత్రం ఆ నీళ్ల ట్యూబే పాజిటివ్ చూపించింది! ఆ రోజు పనంతా చెత్తబుట్టలోకి. బల్లలు బ్లీచింగ్‌తో కడిగి, రాత్రి పదింటిదాకా మళ్లీ మొదటినుంచి. బయట కూర్చున్న రైతులకి ఆ సంగతి చెప్పిన వంతు నాదే.

ఇంకొకటి, ఇది మీ చేతిలో ఉన్నది. దయచేసి పది పిల్లలు తేవద్దు. నూటికి రెండింటిలో వైరస్ ఉన్న ట్యాంకులోంచి పది తెస్తే, జబ్బు పిల్ల ఒక్కటీ వాటిలో పడకపోయే అవకాశం 80 శాతం పైమాటే. 150 తెస్తే కనీసం ఒకటైనా పడే అవకాశం 95 శాతం. అదీ ట్యాంకులో ఒక మూల ముంచినవి కాదు, నాలుగు వైపులా తీసినవి.

[దృశ్యం: చీకటి గది. అల్ట్రావయొలెట్ వెలుగులో జెల్. పాజిటివ్ కంట్రోల్ (వైరస్ ఉందని ముందే తెలిసిన శాంపిల్) గీత వెలుగుతోంది. నీళ్ల వరస ఖాళీ. రైతు శాంపిల్ వరస ఖాళీ.]

నెగెటివ్. కిటికీలోంచి కాగితం ఇచ్చాను.

"అయితే వదిలేయొచ్చాండీ?"

"పిల్ల సంగతి చెప్పామండీ. పీతలు కూడా వైట్ స్పాట్ మోసుకొస్తాయి. గట్టు చుట్టూ వల కట్టారా?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఒక పక్క మిగిలిపోయిందండీ. ఇవాళే కట్టించేస్తాను."